గోడ మీద పేరు లేని చేను

మార్గశిరంలో పొద్దున్నే ఆరింటికి గరికపాలెం దాటే ట్రాక్టరు ట్రక్కులో షమీమ్ కళ్లు మూసుకుని కూర్చుంటుంది. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు, పాతిక అన్నం క్యారేజీలు, ఒక నీళ్ల డ్రమ్ము, చుట్టచుట్టిన, పత్తి నింపే బోరేలు ఉంటాయి. మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, ట్రాక్టరు నడిపే రంజాన్ వీపు కూడా కనపడదు. రంజాన్ ఆమె మొగుడే కాబట్టి ఆ వీపును కొత్తగా చూడాల్సిన అవసరమూ ఆమెకు లేదు.

కళ్లు మూసుకున్నా ఎక్కడ పోతున్నామో ఆమెకు తెలుస్తూనే ఉంటుంది. ట్రక్కు ఎడమకు ఒరిగిందంటే గొడుగు చేను. చెంపకు చల్లగా గాలి తగిలిందంటే కాలువ పక్కనున్న పెళ్లిచూపుల చేను. మిరప పైరు ఘాటు ముక్కుకెక్కి పక్కన ఎవరో తుమ్మారంటే ఉప్పులేని చేను. ఆ పేర్లు ఒక్కోటి పెదాల మీదికొచ్చి, మంచులో కలిసిపోతుంటాయి. సగం నిద్ర, సగం మెలకువ. ఆ అరగంట ప్రయాణం కోసమే తాను ఇన్నేళ్లు ఈ పని చేస్తున్నానేమో అని ఆమెకు అనిపిస్తుంటుంది.

ఈ పేర్లు ఏ కాగితాల్లోనూ ఉండవు. రైతులకు సర్వే నంబర్లున్నాయి, పాసుపుస్తకాలున్నాయి. కూలికెళ్లే ఆడవాళ్లకు నంబర్లతో పనేముంది? షమీమ్ ముఠాలో ఒక ఆచారం ఉంది. ఆమె పుట్టకముందు నుంచీ ఉంది. కొత్త చేలో దిగిన మొదటిరోజు సాయంత్రం, అందరూ ట్రక్కెక్కి కూర్చున్నాక, ఆ రోజు అక్కడ ఏం జరిగిందో దాన్నిబట్టి ఎవరో ఒకరు ఒక పేరు అంటారు. ట్రక్కు డొంక ఎక్కేలోపు ఎవరి నోట మొదట వస్తే అదే పేరు. దాన్ని కాదనడానికి, మార్చడానికి ఎవరికీ హక్కు లేదు.

ఒకనాడు సుడిగాలి వచ్చి ఆసామి గొడుగును ఎత్తుకుపోయింది. అది ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. అది గొడుగు చేను. ఇంకోనాడు పత్తి తీస్తున్న పిల్లను చూడటానికి మగపెళ్లివారు ఏకంగా చేలోకే వచ్చేశారు. పిల్ల ఒళ్లో పత్తితోనే నిలబడింది, సంబంధం కుదిరింది. అది పెళ్లిచూపుల చేను. ముఠా మొత్తం తెచ్చుకున్న కూరల్లో చిత్రంగా ఏ ఒక్కదాంట్లోనూ ఉప్పు లేని రోజొకటి వచ్చింది. నవ్వుల చేను మాత్రం ఎందుకు నవ్వారో ఎవరికీ గుర్తులేదు, నవ్వారన్నది గుర్తుంది. కొన్నాళ్లకు రైతులకే వాళ్ల నంబర్లు మరుపుకొచ్చి, "రేపు మా గొడుగు చేనుకు ఇరవై మందిని పంపు షమీమమ్మా" అని ఫోన్లు చేస్తుంటారు. భూమికి పేరు పెట్టే హక్కు భూమి ఉన్నవాడిదే అని ఎవరన్నారో గానీ, ఆ మహానుభావుడు ఎప్పుడూ పత్తి తీసి ఉండడు.

ఈ ఏడు పత్తి రెండో తీత మొదలైన వారంలో, హైస్కూలు తెలుగు టీచరు రాగసుధ షమీమ్ ఇంటికి వచ్చింది. ప్రత్తిపాడు నుంచి స్కూటీ మీద వచ్చిపోతుండే మనిషి. చేతిలో పెద్ద చార్టు కాగితం, దాని మీద పిల్లలు గీసిన ఊరి పటం ఉన్నాయి. ఆ పటాన్ని గ్రామ సచివాలయం గోడ మీద రంగులతో వేయిస్తారట. బజార్ల పేర్లు, డొంకల పేర్లు, చేల పేర్లు అన్నీ రాసి, ఒక్కో పేరు ఎందుకు వచ్చిందో పక్కనే ఒక్క వాక్యంలో రాయిస్తారట.

"బజార్ల పేర్లు చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారండీ. చేల సంగతికొచ్చేసరికి అందరూ మీ ఇంటివైపే చెయ్యి చూపించారు" అంది టీచరు.

"నాకు చదువు రాదు గదా టీచరమ్మా."

"రాయడం నాకొచ్చు, చెప్పడం మీకొచ్చు. సరిపోయింది కదా. అమరావతిలో స్తూపం దిబ్బను జనం దీపాలదిన్నె అని పిలుస్తూ వచ్చారు. కట్టినవాళ్లు పోయారు, పేరు మాత్రం నోళ్లలో బతికింది. మన ఊరి పేర్లు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలండీ."

షమీమ్‌కు ఆ మాట నచ్చింది. అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఊరికి ఉత్తరాన కుండపెంకులు దొరికే పాటిదిబ్బ నుంచి మొదలుపెట్టి, తూర్పుకు తిరిగి, కాలువ దాటి, ఒక్కో చేనూ కళ్లముందు మెదులుతుంటే చెప్పుకుపోయింది. టీచరు చెయ్యి నొప్పెట్టిందే గానీ షమీమ్ నోరు నొప్పెట్టలేదు. దక్షిణం వైపు వచ్చేసరికి మాట ఆగింది.

"ఇక్కడ మూడెకరాల చెక్క ఒకటుందండీ, చెంచురామయ్య గారిది. దీని పేరేంటి?" అని టీచరు పటం మీద వేలు పెట్టింది.

"దానికి పేరు లేదమ్మా" అంది షమీమ్.

అది అబద్ధం. దానికి ముప్పై రెండేళ్లుగా ఒక పేరుంది. ఆ పేరు పెట్టింది షమీమే.

అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. తండ్రి బుడాన్ దూదేకే మనిషి. ఎండాకాలం వచ్చిందంటే భుజాన విల్లు వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. ఇంటింటి ముందు కూర్చుని, ఉండలు కట్టిన పాత పరుపుల దూదిని ఏకి, పాల నురుగులా చేసి ఇచ్చేవాడు. ఆ విల్లునారి మోగుతుంటే పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. తర్వాత్తర్వాత ఫోము పరుపులు వచ్చాయి, విల్లు చూరులోకెక్కింది, ఆయనకు దగ్గు పట్టుకుంది. గోనెపట్టా మీద పడుకుని ఆయన ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అన్నాడు. "ఎన్ని పరుపులు ఏకానో లెక్కే లేదమ్మాయ్. తల కింద పెట్టుకోను ఒక దిండుంటే బాగుండేది."

ఆ మాట షమీమ్ గుండెలో ముల్లయి దిగింది. అడిగితే చెంచురామయ్య నాలుగు గుప్పెళ్ల పత్తి ఇచ్చేవాడే కావచ్చు. పత్తి పండే ఊళ్లో పుట్టి, దూదేకే వాడి కూతురయ్యుండి పత్తిని అడుక్కోవడమేంటని పందొమ్మిదేళ్ల పౌరుషం అడ్డొచ్చింది. ముఠా ఆయన చేలో మొదటిసారి దిగిన రోజు, మధ్యాహ్నం అన్నాల వేళ, దిండుకు సరిపడా పత్తిని తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాల అడుగున దాచింది. ఆ ఉయ్యాలలో, ముఠాలోనే పత్తి తీసే శాంతి కూతురు నిద్రపోతోంది. ఆరు నెలల పాప. పొద్దుగూకాక అందరూ సర్దుకునే హడావిడిలో తీసుకుందామనుకుంది.

సాయంత్రం చెంచురామయ్య అటు వచ్చాడు. ఉయ్యాల అడుగు ఎందుకో ఉబ్బెత్తుగా ఉందని చూశాడు. పత్తి బయటపడింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. పకపకా నవ్వి, "ఏమే శాంతీ, ఈ పాప నీకు పుట్టిందా, పత్తి చెట్టుకు పుట్టిందా?" అన్నాడు. తిడితే ఒక పూటతో పోయేది. నవ్వాడు కాబట్టి ఊరంతా నవ్వింది. "నేను కాదయ్యా, నా బిడ్డ మీద ఒట్టు" అని శాంతి మొత్తుకుంటుంటే, ఆ ఒట్టు చూసి ఇంకా నవ్వారు.

అందరూ ట్రక్కెక్కారు. మధ్యాహ్నం ఉయ్యాల దగ్గర ఎవరున్నారు అని ఎవరైనా అడుగుతారేమోనని షమీమ్ భయపడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని ప్రశ్నకు ఆమె నోరే ముందు తెరుచుకుంది.

"దొంగ చేను" అంది.

ట్రక్కు డొంక ఎక్కింది. పేరు నిలిచిపోయింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. ఏడాది తిరిగేసరికి ఆసాములు, ఎరువుల బండ్లవాళ్లు, కరెంటు లైనుమాన్ దాకా అందరికీ అది దొంగ చేనే. శాంతికి ఏ ముఠాలోనూ పని పుట్టలేదు. ఆదివారం చర్చిలో కానుకల సంచి తన ముందుకొస్తే అందరి కళ్లూ తన చేతి మీదే ఉన్నట్టుండేదని ఆమె ఒకసారి చెప్పుకుంది. కొన్నేళ్లకు షమీమ్ మేస్త్రి అయ్యింది. అవగానే చేసిన మొదటి పని, శాంతి ఇంటికి పోయి ముఠాలోకి పిలవడం. శాంతి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ చేతుల తడి షమీమ్‌కు ఈనాటికీ ఆరలేదు.

అప్పటినుంచీ ఏటా ఒక చిత్రం జరుగుతుంది. దొంగ చేనుకు పోవాల్సిన రోజున శాంతికి జ్వరం వస్తుంది. పాతికేళ్లుగా తప్పని జ్వరం. ముఠాలో కుర్రకోడళ్లు, "శాంతత్తకు దొంగజ్వరం" అని కొంగు చాటున నవ్వుకుంటారు. షమీమ్ నవ్వదు. కసిరి వాళ్ల నోళ్లు మూయిస్తుంది, పేరు మాత్రం మార్చలేదు. మార్చాలంటే ఎందుకో చెప్పాలి.

టీచరు వచ్చి వెళ్లిన మర్నాడే, అన్నాల వేళ శాంతి షమీమ్ పక్కన వచ్చి కూర్చుంది. ఇప్పుడామెకు యాభై ఎనిమిది. ఉయ్యాలలో ఉన్న పాప గుంటూరులో నర్సు.

"ఏమే షమీమూ, గోడమీద చేల పేర్లన్నీ రాపిస్తన్నారంట గదా?"

"రాపిస్తన్నారక్కా."

"అదొక్కటి రాయించబాక. నోటిమాటయితే నాతోనే పోద్ది. గోడమీద రాస్తే నా మనవరాలు చదువుద్ది. ఎందుకొచ్చిందో గూడా రాస్తారంటగా పక్కన. అది ఇప్పుడు రెండో తరగతి, అక్షరం కనపడితే సాలు, చదివేస్తది." షమీమ్ చెయ్యి పట్టుకుంది. "నువ్వు సెబితే ఇంటారు. నాకు నువ్వు తప్ప ఎవురున్నారే?"

"రాయించనక్కా" అంది షమీమ్.

అన్నం తిన్నాక తీసిన పత్తి కుప్ప మీద ఒరిగి పది నిమిషాలు కునుకు తీయడం ఆమెకు అలవాటు. ఎండకు కాగిన పత్తి వెచ్చగా, లోపల్నుంచి గింజల నూనెవాసన వేస్తుంటుంది. ఆ రోజు కునుకులో బుడాన్ కనిపించాడు. చూరులోంచి విల్లు దించుకుని చేల మధ్య కూర్చున్నాడు. నారి మోగించిన కొద్దీ చేనంతా దూదై లేస్తోంది. అది పైకి పోయి మంచులో కలుస్తోందో, మంచే దూదై దిగుతోందో తెలియడం లేదు. "ఇది ఏ చేనమ్మాయ్?" అని అడుగుతున్నాడు. గొడుగు చేను నాన్నా అంటే గొడుగు చేను తెల్లగా లేచి తేలిపోతోంది. నవ్వుల చేను అంటే అదీ తేలిపోతోంది. బరువు లేకుండా ఒక్కో చేనూ పోతోంది. చివరికి ఒక్క చెక్క మిగిలింది, నల్లరేగడి, పగుళ్లు విచ్చి. "ఇదో?" అన్నాడు. ఆమెకు నోరు పెగల్లేదు. ఆయన విల్లు పక్కనపెట్టి, ఆ పగుళ్ల మీదే తల పెట్టుకుని పడుకున్నాడు. మెలకువ వచ్చేసరికి ఆమె చెంపలు తడిసి, వాటికి పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి.

తర్వాత పదిరోజులూ అదే కల. ఒక్కోసారి ట్రక్కులోనే, కళ్లు మూసీ మూయకముందే వచ్చేది. పేర్లు చెప్పుకుంటూ పోయే ఆ అరగంట సుఖం ఆమెకు పోయింది. పేరు లేదని చెప్పి శాంతి పరువు కాపాడానని సర్దిచెప్పుకుంది గానీ, తన మాట తనకే రుచించలేదు. కాపాడింది శాంతినా, తననా?

గోడపని పూర్తయ్యే రోజు వచ్చింది. పొద్దున్నే కూలికి బయల్దేరేవాళ్లంతా సచివాలయం ముందు ఆగారు. పెయింటర్ వాసిం నిచ్చెన మీద నిలబడి చివరి అక్షరాలు దిద్దుతున్నాడు. గోడ చూస్తే కళ్లు చాలలేదు. పచ్చటి చెక్కలు, తెల్లటి చెక్కలు, ఎర్రటి మిరప కల్లాలు, మధ్యన నీలంగా కాలువ. చదువొచ్చిన కోడళ్లు గట్టిగా చదువుతుంటే, ముసలివాళ్లు "అవునే, ఆ గొడుగు నాకు గుర్తే" అని మురిసిపోతున్నారు. ఊరికి ఊరే కలగంటున్నట్టుంది.

"ఏదైనా పేరు తప్పిపోయిందేమో చూడండి, ఇవాళే చివరి రోజు" అంది రాగసుధ టీచరు.

చెంచురామయ్య ముందుకొచ్చాడు. డెబ్బై దాటినా నవ్వు మాత్రం పాతదే. "ఏందమ్మా టీచరూ, నా చేనొక్కదాన్ని బోడిగా వొదిలేశారు? దానికి బ్రహ్మాండమైన పేరుందిగా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గుంపులో పాకింది. అందరి కళ్లూ శాంతివైపు తిరిగాయి. ఆమె క్యారేజీని గుండెలకు హత్తుకుని, తల వంచుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. ముప్పై రెండేళ్ల కింద ట్రక్కులోనూ అట్లాగే తల వంచుకుని కూర్చుంది.

"రాయి వాసిం" అంది షమీమ్.

శాంతి చప్పున తలెత్తింది. ఆ చూపు షమీమ్ భరించలేకపోయింది, అయినా ఆగలేదు. ఆగితే మళ్లీ నోరు రాదని తెలుసు.

"దొంగ చేను అని రాయి. పక్కన ఇది గూడా రాయి. బుడాన్ కూతురు షమీమ్ ఇక్కడ పత్తి దొంగతనం చేసింది. వాళ్ల నాన్న దిండు కోసం. శాంతి బిడ్డ ఉయ్యాల్లో దాచింది. శాంతి మీదకొస్తే నోరు మూసుకుంది. పేరు గూడా అదే పెట్టింది. అంతా రాయి. గోడ సాలకపోతే చిన్నచ్చరాలతో రాయి."

వాసిం కుంచె గాల్లోనే ఆగిపోయింది. రంజాన్ ట్రాక్టరు దిగి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. అతనికీ ఇప్పుడే తెలిసింది. చెంచురామయ్య నోట్లో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మళ్లీ తీసి మళ్లీ వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటిదారి పట్టాడు.

"రాయమంటారా?" అని టీచరు అడిగింది. అడిగింది షమీమ్‌ను కాదు, శాంతిని.

శాంతి చాలాసేపు షమీమ్‌నే చూసింది. అంతసేపు ఆమెను ఎవరూ అట్లా చూసి ఉండరు. తర్వాత "రాయండి" అని వెళ్లి ట్రక్కెక్కి కూర్చుంది.

ఆ రోజు పని దొంగ చేలోనే అని ట్రక్కు కదిలాకే అందరికీ తెలిసింది. శాంతికి జ్వరం రాలేదు. ట్రక్కు ఆగగానే అందరికంటే ముందు దిగి, ఒడి కట్టుకుని, చేనుకు నట్టనడుమ సాలు పట్టుకుంది. షమీమ్ గట్టు పక్క సాలులో దిగింది. పాతికమంది పత్తి తీస్తుంటే కాయల డొప్పలు గీసుకునే చప్పుడు వినిపిస్తోంది. మంచు విడిపోయి ఎండ వచ్చింది. చేనంతా మామూలు చేనులాగే తెల్లగా ఉంది.

అన్నాల వేళ షమీమ్ దూరంగా ఒక్కతే కూర్చుంది. క్యారేజీ మూత తీయలేదు. కాసేపటికి శాంతి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీ నాన్న ఎప్పుడు పోయాడే?"

"ఆ నెల్లోనే అక్కా."

"దిండు?"

"లేదు. పాత చీర మడిచి పెట్టా."

శాంతి ఒక అడుగు ముందుకు వేసింది. "చర్చిలో, బజార్లో, అత్తగారింట్లో... ఎన్ని మాటలు పడ్డానో తెలుసా నీకు? నువ్వు పిలిచి పనిస్తే దేవుడే పంపాడనుకున్నా. రోజూ నీ కోసం ప్రార్థన చేసేదాన్నే!"

షమీమ్ తల ఎత్తలేదు.

"నేను పాలిచ్చే తల్లిని. నా ఒళ్లో ఎవుడు చెయ్యిపెట్టి ఎతుకుతాడు?" శాంతి గొంతు పెద్దది చేసింది. "నన్నడిగితే నేనే నా ఒళ్లో దాచి తెచ్చిచ్చేదాన్ని గదే. ఒక దిండు పత్తి! ముసలాయన నా పెళ్లి పరుపు ఏకిన మనిషి. నన్నొక్క మాట అడగలేకపోయావా?"

షమీమ్ వెక్కివెక్కి ఏడ్చింది. శాంతి ఊరుకోబెట్టలేదు. అట్లా కాసేపు నిలబడి ఏడవనిచ్చి, కొంగుతో తన మొహం తుడుచుకుని, ఒడి బిగించుకుని తన సాలులోకి వెళ్లిపోయింది.